మూడు వేళ్ల పిడక

నీలమ్మ చేవెళ్ల అంగడికి తెచ్చే గుమ్మడికాయల్లో ఏ రెండూ ఒక తీరున ఉండవు. ఒకటి చాళ్లు దేలి పళ్లెంలా చదునుగా ఉంటే, ఇంకొకటి సొరకాయలా మెడ సాచి ఉంటుంది. మూడో రకానికి ఒళ్లంతా బొడిపెలే.

"గిదేంది అవ్వా, కాయకు అమ్మవారు వోసిందా?" అని నవ్వేవాడు షావుకారు ముకుందం. పట్నం పోయే డబ్బాలో ఇరుక్కోకుండా కూర్చునే గుండ్రటి కాయే ఆయనకు కాయ. ఎప్పుడో సముద్రాలు దాటివచ్చి, దిగిన ప్రతి మట్టిలో ఒక కొత్త రూపమెత్తిన కాయను మళ్లీ ఒకే అచ్చులో పోయమనడం ఎంత పొగరో ఆ పెద్దమనిషికి ఎవరు చెప్పాలి?

పోయినేడు ఆకులు పసుపుబారి ముడుచుకుపోయే తెగులొచ్చింది. గుండ్రటి కాయల తోటలన్నీ మాడిపోయాయి. నీలమ్మ పెరట్లో బొడిపెల తీగ మాత్రం పచ్చగా నిలబడింది. సంగతి తెలిసి, విత్తనాల మీద పరిశోధన చేస్తున్న స్వప్నిక వెతుక్కుంటూ వచ్చింది. టేపుతో చుట్టు కొలిచింది, కోసి కండ మందం చూసింది, తొక్క మీద గోరు గుచ్చింది, చాళ్లు ఎన్నో రాసుకుంది.

"చదును కాయకు కండ మస్తున్నది అవ్వా. బొడిపెలదానికి రోగాన్ని ఆపే గుణం ఉండొచ్చు. రెండిటినీ కలిపి చూడాలె. వాన పడంగనే వస్త, జర గింజలు దాచిపెట్టు" అన్నది.

నీలమ్మ గింజలను డబ్బాల్లో దాచదు. తడి పేడలో పెట్టి పిడక చేసి గోడకు కొడుతుంది. ఏ పిడకలో ఏ గింజో వేలి గుంటలే చెప్తాయి. చాళ్లదానికి ఒకటి, మెడదానికి రెండు, బొడిపెలదానికి మూడు. మూడు వేళ్ల పిడకలు ఈసారి అయిదే అయ్యాయి.

ఎండలు ముదిరిన ఒక పొద్దున చూస్తే గోడ బోడిగా ఉంది.

"చిన్నయ్యా! పిడ్కలేవిరా?"

చిన్నయ్య ఆమె మరిది. మొయినాబాద్‌లో ఒక ఫామ్‌హౌస్‌లో తోట పని చేస్తాడు.

"సారు ఇంట్ల హోమం ఉన్నది వదినా. నాటు ఆవు పిడ్కలే గావాలన్నడు. రాత్రే పంపిన. ప్యాకెట్ల గింజలు దొరుకుతుంటే ఇంకా పిడ్కలల్ల ఎవలు పెడ్తరనుకున్న."

"నీ కండ్లల్ల మన్నువడ! గా గుంటలు నీకు ఎలుకలు గొరికినట్టు కనవడ్డయా?"

అతన్ని ముందర తోసుకుంటూ బస్సెక్కింది. దారి పొడుగునా తిట్టింది. "అవ్వా, జర మెల్లగ" అన్న కండక్టరుకూ నాలుగు వడ్డించింది. కిటికీలోంచి చూస్తే కోపం ఇంకా రాజుకుంది. ఒకప్పుడు పాదులున్న చోట్ల ప్రహరీలు, ప్రతి ప్రహరీ వెనక ఒకే గడ్డి, ఒకే మొక్కలు. ముకుందం ఈ నేలను కూడా డబ్బాలో సర్దినట్టున్నాడు.

గేటు దాటగానే పొగ. ఆ పొగలోంచి టప్ టప్‌మని గింజలు పేలే చప్పుడు. నీలమ్మ గుండెలో పేలినట్టయింది.

"నా గింజలు ఏంపుక తింటున్నవా సారూ?"

"ఎవరమ్మా నువ్వు? హోమం మధ్యలో..."

ఆమె అప్పటికే కుప్ప ముందు కూలబడి పిడకలు తిరగేస్తోంది. ఒక గుంట. రెండు గుంటలు. మళ్లీ ఒకటి. మూడు గుంటలది కుప్పలో లేదు. గుండం అంచున ఒకటి కనిపించింది, ఒక పక్క నల్లబడి. ఉత్త చేత్తో లాగేసింది.

"అది దేవుడికిచ్చిందమ్మా!" అని అరిచాడు సారు.

"దేవుడు నా దగ్గరికొచ్చి అడిగితే తీగనే ఇస్త. గింజ కాల్చుమని ఏ దేవుడన్నడు?"

తొలి వానకు పిడక పగలగొడితే ఆరు గింజలు. రెండు మాడిపోయాయి. రెండు స్వప్నిక చేతిలో పెట్టింది, రెండు తన పెరట్లో నాటింది. మొలిచింది ఒక్కటే. దానికి రోజూ నీళ్లు మోసింది చిన్నయ్యే.

కాయ పండాక నీలమ్మ పేడ తట్ట అతని ముందర పడేసింది. చిన్నయ్య పిడక గోడకు కొట్టి, మూడు వేళ్లు మెల్లగా ఆనించాడు.

"గట్టిగ గుచ్చు" అన్నది, కోపం ఇంకా చల్లారకుండానే. "లేకుంటే మళ్ల నీకు ఎలుకలు గొరికినట్టే కనవడ్తయి."