అత్త మళ్ళీ స్కాన్‌కి వెళ్ళింది

మా మేనత్త పోయిందన్న కబురు నాకు నూజివీడు బస్టాండులో తెలిసింది. ఆవిడని చూడటానికే చాట్రాయి బస్సు కోసం నిలబడి ఉన్నాను. బస్సెక్కాక సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయాను. పెద్దకర్మ కూడా అయిపోయింది, అయినా ఇంకా ఒకచోట నిలవలేకపోతున్నాను. రాస్తే కాస్త నెమ్మదిస్తుందేమోనని ఇది మొదలుపెట్టాను.

కుదురు లేకపోవడం అసలు ఆవిడ సొత్తు. కాఫీ నడుస్తూ తాగేది. ఫోన్ వస్తే వసారాలో ఈ చివర్నించి ఆ చివరికి తిరుగుతూ మాట్లాడేది. మామిడికాయ కోతల రోజుల్లో ఇక చెప్పక్కర్లేదు. తోటలో వెతికితే షెడ్డుకి వెళ్ళిందనేవారు, షెడ్డుకి వెళితే ఇప్పుడే లారీ దగ్గరికి వెళ్ళిందనేవారు.

"కాసేపు కూర్చో అత్తా" అంటే, "కూర్చుంటే జనం కష్టాలు చెబుతారే, నిలబడితే పనులు చెబుతారు. నాకు పనులే నయం" అనేది.

అలాంటి మనిషికి రొమ్ములో గడ్డ వచ్చింది. విజయవాడలో ఒక ఆసుపత్రిలో చూపించాం. ముందు మందు ఎక్కించి గడ్డ తగ్గాక ఆపరేషన్ చేస్తామన్నారు. కొన్ని ఊళ్ళ ఆసుపత్రులు కలిసి చేస్తున్న ఒక ట్రయల్ గురించి కూడా డాక్టరుగారు చెప్పారు.

"గడ్డ లోపల నీళ్ళు ఎంత తేలిగ్గా కదులుతున్నాయో ఈ డిఫ్యూజన్ ఎమ్మారైలో తెలుస్తుందమ్మా. కణాలు కిక్కిరిసి ఉంటే నీటికి దారుండదు. మందు పనిచేసి కణాలు చస్తే దారి దొరుకుతుంది, మాకు వచ్చే అంకె పెరుగుతుంది. సైజు తగ్గకముందే ఆ సంగతి తెలుసుకోవచ్చా అన్నదే మా పరీక్ష."

"అయితే ఇది నాకోసమా, మీ పరీక్ష కోసమా?" అంది అత్త.

"రెండూనమ్మా. మీకు పనికొస్తుందని మాత్రం మాటివ్వలేను."

"ఉన్నమాట చెప్పారు, సంతోషం" అని ఒప్పుకుంది.

మందు మొదలుపెట్టకముందే మొదటి స్కాన్ తీశారు. బోర్లా పడుకుని, చేతులు తలపైకి చాచి, కదలకుండా ఉండాలి. బయటికొచ్చాక, "ఇంతసేపు కదలకుండా ఎట్లా ఉన్నావు అత్తా?" అని అడిగాను. "మీ మామయ్య మీద కోపం తెచ్చుకున్నానే. కోపమొస్తే నేను బిగుసుకుపోతాను కదా" అంది. పక్కనే ఉన్న మామయ్య, "నేనేం చేశానే?" అన్నాడు పాపం.

మందు మొదలయ్యాక, రెండో స్కాన్ తీసే రోజులకి విజయవాడ మిషన్ పాడైంది. ఆలస్యం చేయకూడదని, ట్రయల్‌లోనే ఉన్న విశాఖ ఆసుపత్రికి పంపారు. అక్కడ అంకె బాగా పెరిగిందని చెప్పారు. తిరుగు రైల్లో మామయ్య ఎదురు సీటువాళ్ళకి కూడా చెప్పాడు. ఇంటికి రాగానే ఏరిన బంగినపల్లి కాయలు వీధి వీధంతా పంచాడు. అత్త కూడా ఆ రాత్రి పెందలాడే పడుకుంది.

వారం తిరక్కుండానే నాకు ఫోన్ వచ్చింది. చేసింది ట్రయల్ పనులు చూసే అమ్మాయి.

"అండీ, అన్ని ఆసుపత్రుల్లోనూ ఒకేలాంటి ఐసునీళ్ళ సీసాని స్కాన్ చేసి చూస్తామండీ. ఐసునీళ్ళకి ఎక్కడైనా ఒకటే అంకె రావాలి. విశాఖ మిషన్ ఎక్కువ చూపిస్తోందండీ. మీ అత్తగారి అంకె కూడా అందుకే పెరిగిందేమో. ఇక్కడ విజయవాడలో మిషన్ బాగైంది, ఒక్కసారి మళ్ళీ రావాలి."

మామయ్య ఫోన్ లాక్కున్నాడు. "బాగుందన్నారుగా! మళ్ళీ ఏంటి? మీ సీసాలు మీరు చూసుకోండి, మా మనిషిని వదిలేయండి!" అని అరిచి, అరుగు మీద కూలబడ్డాడు. నాకూ వెళ్ళాలని లేదు. దొరికిన ఆ కాస్త మంచి మాట పోగొట్టుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది?

అత్త వసారాలో తిరుగుతోంది. తిరుగుతూనే ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"అమ్మాయ్, విశాఖలో నాలాగే చూపించుకున్నవాళ్ళు ఇంకా ఉంటారు కదా. వాళ్ళకీ చెప్పారా?"

"ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేస్తున్నానండీ."

"చెయ్యి. మేం రేపు వస్తాం."

ఫోన్ పెట్టేసి మామయ్య పక్కన నిలబడింది. "నిజంగా జబ్బు తగ్గుంటే మళ్ళీ చూసినా తగ్గిందనే వస్తుంది. తగ్గకపోతే, పనిచెయ్యని మందు ఒంట్లోకి ఎందుకు ఎక్కించుకోవాలి? జుట్టు ఊడేది నాకు, మీకు కాదు."

మూడో స్కాన్ నిజం చెప్పింది. అంకె పెరగలేదు. గడ్డ మందుకి లొంగడం లేదు. మందు మార్చారు. కొత్త మందు పనిచేసింది, ఆపరేషన్ అయింది, ఆ తరవాత అత్త రెండు కాపులు తన చేతుల మీదుగా లారీ ఎక్కించింది. చివరికి జబ్బు ఊపిరితిత్తుల్లో తేలింది. ఈసారి ఏ మందూ ఆపలేకపోయింది.

ఆ రోజు ఫోన్ రాకుంటే ఏమయ్యేదో నాకు తెలియదు. పాత మందే ఇంకొన్నాళ్ళు నడిచేదేమో. డాక్టరుగారిని అడిగితే ఆయన కూడా, "కచ్చితంగా చెప్పలేనమ్మా" అన్నారు. దాన్ని మనసులో ఎటు తిప్పినా తెగదు. ఆ అమ్మాయికి మాత్రం కృతజ్ఞతగా ఉంటుంది. అన్ని ఇళ్ళకీ ఫోన్ చేసి, చెప్పిన శుభవార్తని వెనక్కి తీసుకోవడం తేలికైన పని కాదు.

ఇప్పుడు అత్త అనగానే నాకు ఆసుపత్రి మంచం కనబడదు. మూడో స్కాన్ ఫలితం విని కారులో తిరిగొస్తున్న మధ్యాహ్నం కనబడుతుంది. దారిలో రైల్వే గేటు పడింది. అత్త తలుపు తీసుకుని దిగి, రోడ్డు పక్కన తాటిముంజలు అమ్మేవాడి దగ్గరికి నడిచింది. రైలు వెళ్ళిపోయింది, గేటు లేచింది. వెనక బళ్ళన్నీ ఒకటే హారన్లు. మామయ్య, "రావే, రావే" అని కిటికీలోంచి పిలుస్తున్నాడు. ఎర్రటి ఎండలో నిలబడి అత్త ముంజ నోట్లో పెట్టుకుంది. నీళ్ళు మణికట్టు మీదుగా మోచేతి దాకా కారుతున్నాయి. రెండో చెయ్యి ఎత్తి, వెనకున్న లారీలకీ బస్సులకీ అరచెయ్యి చూపించింది, ఉండండి అన్నట్టు.