ఓడ దిగే చోట అడిగిన మాట

మా బావ చనిపోయాడని మా అక్క ఒప్పుకోలేదు. పరాయి దేశంలో ఓడలు బాగుచేసే యార్డులో పనికి పోయిన మనిషి, కరోనా రోజుల్లో అక్కడి ఆసుపత్రిలోనే పోయాడు. శవాన్ని పంపలేదు. అక్కడే దహనం చేశారు. ఆయనతో ఒకే గదిలో ఉండే మనవాళ్లు బూడిదను రేవు పక్కన సముద్రంలో కలిపి, వీడియో తీసి పంపారు. అందులో నీళ్లు, ఎవరిదో చేయి, ఒక స్టీలు డబ్బా తప్ప ఇంకేమీ కనిపించలేదు.

"గా డబ్బాల ఎవరున్నరో ఎవరికి ఎరుక" అని అక్క ఫోన్ నా ఒళ్లో పడేసింది.

పదో రోజున అక్క పుస్తెలు, మెట్టెలు తీయించడానికి అత్తగారి వైపు ఆడవాళ్లు వచ్చారు. ఎల్‌బీనగర్‌లో అక్కది చిన్న కిరాయి ఇల్లు. అందరూ కూర్చోవడానికి కూడా చోటు లేదు. అక్క స్నానాల గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. తలుపు ఎంత కొట్టినా లోపలి నుంచి ఒకటే మాట.

"నేను కండ్లతోని సూడలే. సూడకుంట ఎట్ల తీస్తా?"

నాకు ఆ తంతు మీద మొదటి నుంచీ మంటే. ఆ మాట వాళ్ల ముఖం మీదే అన్నాను. దాంతో నేను కూడా చెడ్డదాన్నయ్యాను. సాయంత్రానికి వాళ్లు తిట్టుకుంటూ బస్సెక్కారు. ఆ తర్వాత మూడేళ్లకు పైగా అక్క బొట్టుతోనే తిరిగింది. పెళ్లిళ్లకు పిలవడం మానేశారు. పక్కింటి ఆవిడ పసుపు కుంకుమ పళ్లెం తెచ్చి, అక్కను చూసి, ఇవ్వాలో వద్దో తెలియక గుమ్మం దగ్గరే నిలబడిపోయేది. విధవ అనడానికి నుదుట బొట్టు ఉంది, ముత్తైదువ అనడానికి ఇంట్లో మొగుడు లేడు. ఆ మధ్యలో నిలబడి బతకడం ఎంత కష్టమో దగ్గరుండి చూశాను. చూసి చూసి నాకే విసుగొచ్చింది.

ఒక రోజు కొత్తపేట రైతుబజారు నుంచి వస్తూ, చేతిలో తోటకూర కట్టతో, అక్క మామూలుగా అన్నది.

"ఆయనను కలిపిన నీళ్లకాడికి నన్ను తీస్కపోవే. ఆడనే పుస్తెలు మెట్టెలు నేనే తీసి నీళ్లల్ల ఏస్తా. ఇగ ఎవ్వరు అనొద్దు నన్ను."

అంతకుమించి అక్క ఎప్పుడూ ఏమీ అడగలేదు. అదొక్కటే.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతాను. మెట్రో స్తంభాల పక్కన, బయటంతా ఫ్లెక్సీలు వేలాడే పాత మేడలో మా కోచింగ్ సెంటర్. దాని కిందే ఒక ట్రావెల్స్ ఆఫీసు. అక్కడ కూర్చునేది గుంటూరు వైపు ఆయన. ఆయనకు సంగతంతా చెప్పాను.

"ఫ్లైట్‌లో అయితే వీసాకి సవాలక్ష అడుగుతారండీ మేడమ్. మాకు ఓడ ట్రిప్పుంది. ఆ రేవులో ఒక రోజు ఆగుతుంది. గ్రూపుతో పాటు ఒక రోజు పర్మిట్ మీద దింపేస్తారు. పొద్దున దిగడం, సాయంత్రం ఎక్కేయడం, అంతే" అన్నాడాయన.

ఆ దేశం పేరు చెప్పను. చెబితే అక్కడున్న మనవాళ్లు నొచ్చుకుంటారు. తప్పు ఆ రేవు అధికారులదని కూడా అనలేను. అదే నా బాధ.

ఓడలో అందరూ సంబరంగా ఉన్నారు. డెక్ మీద పాటలు, ఆటలు, ఎప్పుడు చూసినా తిండి. అక్క మాత్రం భోజనాల హాల్లో కిటికీ పక్క కుర్చీ చూసుకుని నీళ్లవంక చూస్తూ కూర్చునేది. ఆ కుర్చీ దొరికితే చాలు, ఆమెతో పేచీ లేదు. దిగేటప్పుడు ఏమైనా అడుగుతారేమోనని నేను ఆమెకు ముక్కలు ముక్కలుగా ఇంగ్లిష్ నేర్పాను. టూరిస్ట్, వన్ డే, ఈవినింగ్ షిప్. వాటిని రోజూ అప్పజెప్పించుకున్నాను. నా క్లాసులో పిల్లల కంటే త్వరగా పట్టుకుంది.

రేవు చేరిన పొద్దున అక్క తలస్నానం చేసి, బావ కొన్న ముదురాకుపచ్చ పోచంపల్లి చీర కట్టుకుంది. నుదుట పెద్ద బొట్టు పెట్టుకుంది. ఇవాళ్టితో అది అయిపోతుందని ఇద్దరికీ తెలుసు. నేను ఆమె మొహం వైపు చూడలేక చెప్పులు సర్దుకున్నాను.

ఆ దేశం వాళ్లు ఒక ద్వారంలోంచి పాస్‌పోర్టు ఊపుకుంటూ వెళ్లిపోయారు. మమ్మల్ని వేరే హాల్లోకి పంపారు. అక్కడ విదేశీయులు అని ఇంగ్లిష్ బోర్డు. అక్కకు చదివి చెప్పాను.

"అంటే మనమా?" అని అడిగింది అక్క.

"ఇక్కడ మనమే అక్కా."

ముందు కస్టమ్స్ బల్ల. అక్క సంచిలోంచి బియ్యం, నల్ల నువ్వులు, నిమ్మకాయలు, బంతిపూల దండ తీసి బల్ల మీద పెట్టారు. గింజలు, పండ్లు, పూలు దేశంలోకి రానివ్వరట. చేతికి తొడుగు వేసుకున్న కుర్రవాడు సారీ చెప్పి అన్నింటినీ ఒక డబ్బాలో పడేశాడు. ఆ నువ్వులు బావ పేరు చెప్పి నీళ్లలో వదలడానికి ఇంటి నుంచి మోసుకొచ్చినవి. నాకు కోపం నషాళానికెక్కింది. అక్క నా చేయి పట్టుకుంది.

"పోనియ్. నీళ్లకాడికి పోనిస్తరు గద" అన్నది. మెడలోని పుస్తెలను మాత్రం ఒకసారి తడుముకుంది. వాటి గురించి వాళ్లు అడగలేదు.

ఆ తర్వాత ఇమిగ్రేషన్. అద్దం మీద వేళ్లు పెట్టాలి. నావి ఒక్క దెబ్బకే పడ్డాయి, నన్ను గీత దాటించారు. నా వెనక అక్క పెట్టింది. పడలేదు. కౌంటర్లో ఉన్నది చిన్న వయసు అమ్మాయి. అద్దం తుడిచింది, తడి కాగితం ఇచ్చి అక్క వేళ్లు తుడిపించింది, ఇంకో వేలు, ఇంకో చేయి. ఏదీ పడలేదు.

పడదని నాకు ముందే తట్టాల్సింది. అక్కకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆసు పోయడమే పని. చీర పోగులకు రంగులద్దడానికి చిటికి ముళ్లు కట్టే ముందు, పట్టు పోగును చెక్క మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పాలి. రోజంతా ఆ పోగు వేళ్ల మధ్య నుంచే నడుస్తుంది. మా పోచంపల్లి వైపు ఆడవాళ్లలో సగం మందికి వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయి ఉంటాయి. రేషన్ షాపులో కూడా అక్క వేలు పడదు. అక్కడ మెషీన్‌కు కన్ను చూపిస్తే బియ్యం ఇస్తారు.

ఇక్కడ కన్ను ఎవరూ అడగలేదు. అక్కను పక్కనున్న అద్దాల గదిలోకి తీసుకెళ్లారు. నేను వెనక్కి రాబోతే, దాటినవాళ్లు తిరిగి రాకూడదన్నారు. అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. ఆ అమ్మాయి ఏదో అడిగింది. అక్క జవాబు చెప్పింది. ఆ అమ్మాయి మొహం మారింది. బయటికి వెళ్లి పెద్ద అధికారిణిని వెంటబెట్టుకొచ్చింది. ఈలోగా మా గ్రూపు బస్సు వెళ్లిపోయింది.

చివరికి ఆమె మాటలు తర్జుమా చేయడానికి నన్నే పిలిచారు.

"మీ అక్క భర్త ఇక్కడ ఉన్నాడా?" అని పెద్ద అధికారిణి నన్ను అడిగింది.

ఈ దేశంలో నీకెవరైనా ఉన్నారా అని అమ్మాయి అడిగిందట. నేను నేర్పిన మూడు ముక్కలు పక్కనబెట్టి, అక్క తనకు తెలిసిన వేరే మాటలు చెప్పింది. హస్బెండ్, హియర్. కంప్యూటర్‌లో వెతికితే ఆ పేరు మనిషి దేశంలో లేడు. వేలిముద్రలు లేని ఆడమనిషి, ఎక్కడో దాక్కున్న మొగుడు, ఒక్క రోజు పర్మిట్. దిగితే మళ్లీ ఓడెక్కదని వాళ్ల భయం. వాళ్ల చోట నేనున్నా అదే అనుకునేదాన్ని.

ఆయన చనిపోయాడని, బూడిద ఈ నీళ్లలోనే కలిపారని చెప్పాను. ఫోన్‌లో వీడియో చూపించాను. ఆవిడ చివరిదాకా చూసింది. చూసి అక్క నుదుటివైపు చూపించింది.

"మీ దేశం నుంచి ఎందరో వస్తుంటారు, నాకు కొంచెం తెలుసు. భర్త పోయిన ఆడవాళ్లు అది పెట్టుకోరు కదా? మెడలో అదీ ఉంచుకోరు కదా?"

మావాళ్లు మూడేళ్లుగా అడుగుతున్న ప్రశ్నే అది. సముద్రం దాటి వచ్చినా అదే. అవును, కానీ ఈమె, అని మొదలుపెట్టాను. నేను బతుకుతున్నదే ఇంగ్లిష్ చెప్పి, ఆ రోజు నా నోట్లో ఇంగ్లిష్ లేదు.

"మీరొకటి చెబుతున్నారు, ఆమె ఒకటి చెబుతోంది. ఆమెను చెప్పమనండి. ఆయన బతికున్నాడా, లేడా? లేడంటే మా మనిషిని తోడిచ్చి ఆ నీళ్ల దగ్గరికి పంపుతాను. అలా చెప్పకపోతే తిరిగి ఓడెక్కాలి" అన్నది ఆవిడ, మెత్తగానే.

నేను అక్క పక్కన కూర్చున్నాను.

"అక్కా, బావ లేడని చెప్పు. చెప్తే పంపుతరట."

"ఎందుకు లేడు? గీడనే ఉన్నడు గద. అందుకే గద ఒచ్చినం."

"గట్ల కాదే. బతికున్నడా అని అడుగుతున్నరు."

అక్క నా వైపు చూసింది. అందరి నుంచి కాపాడుకుంటూ వచ్చి, నేనే ఈ మాట అడుగుతాననుకోలేదేమో. ఒళ్లో చేతులు చూసుకుంది.

"సచ్చిపోయిండు" అన్నది అక్క.

పక్కనున్న నాకు కూడా సరిగా వినపడనంత మెల్లగా అన్నది. పెద్ద అధికారిణికి వినపడలేదు, మళ్లీ చెప్పమన్నట్టు ముందుకు వంగింది. అక్క ఆమె కళ్లలోకి చూసి ఈసారి గట్టిగా అన్నది.

"మా ఆయన సచ్చిపోయిండు."

నేను దాన్ని ఇంగ్లిష్‌లో చెప్పాను. పెద్ద అధికారిణి లేచి వచ్చి అక్క భుజం మీద చేయి వేసింది. అమ్మాయి పర్మిట్ మీద ముద్ర కొట్టింది. తోడు వచ్చే మనిషి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆ తలుపు దాటి గోడ పక్కగా నడిస్తే నీళ్లే. టైము కూడా ఉంది.

అక్క లేచి ఓడ వైపు తలుపుకేసి నడిచింది.

"అక్కా, గటు కాదు, గిటు. నీళ్లు గిటున్నయి."

"నేను రాను."

"ఇంత దూరం ఒచ్చి రానంటవేందే? పంపుతున్నరు గద" అని చేయి పట్టి లాగాను. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. పిచ్చి పట్టిందా అని కూడా అన్నాను.

"గా మాట ఆడ ఆయనకు చెప్దామనుకున్న. మూడేండ్ల సంది నోట్లనే పెట్టుకున్న" అన్నది అక్క. "గీమెకు చెప్పిన. ఇగ ఆడికి పోయి ఏం చెప్పాలె?"

చేయి విడిపించుకుని ఓడెక్కింది. నేను పర్మిట్ పట్టుకుని వెనకే ఎక్కాను.

గదికి వెళ్లాక తలుపు వేసుకోకుండానే వాష్‌బేసిన్ ముందు నిలబడి బొట్టు కడుక్కుంది. పుస్తెల తాడు తల మీంచి తీసి, కాళ్ల మెట్టెలు కూడా తీసి, మూట కట్టి నా చేతిలో పెట్టింది.

"అత్తమ్మకియ్యి. అడిగినయి గివ్వే గద."

మంచం అంచున కూర్చుంది. బోసి నుదురుతో ఆమెను చూడటం నాకు అదే మొదలు. వాళ్లందరితో పోట్లాడి నేను ఆపింది ఈ మొహాన్నే. ఏదో ఒకటి అనాలని, ఒక్కసారన్న ఏడువే అక్కా అన్నాను.

"మీరందరు మూడేండ్ల కిందనే ఏడ్సిన్రు" అన్నది. "నాకు గా పెద్దామె అడిగేదాక బతికే ఉండె."