పెద్దసేటు మీసం వచ్చేదాకా

ఆ రోజుల్లో ఇంటర్నెట్‌కు గొంతు ఉండేది. మోడెం అనే చిన్న డబ్బా ఫోను తీగ పట్టుకుని ముందు కీచుమనేది, తర్వాత గరగరలాడేది, ఆపైన ఎవరో పీక నొక్కుతున్నట్టు మూలిగి, ఒక్కసారిగా ఊరుకునేది. ఊరుకుందంటే ప్రపంచం మన గుమ్మంలోకి వచ్చిందని అర్థం. (రాకపోతే మళ్ళీ మొదటి కీచు నుంచి.) ఇప్పుడది చప్పుడు చేయకుండా గాల్లో వస్తోంది గనుకనే దాని విలువ ఎవరికీ తెలియడం లేదని నా ఫిర్యాదు. మొన్న మా మేనల్లుడు, బేగంపేటలో ఒక అద్దాల మేడలో కూర్చుని వెబ్‌సైట్లు చేసేవాడు, నా ఫోనుకు ఒక వ్యాసం పంపించాడు. వెబ్ పని చేసేవాళ్ళకు రోజువారీ చిట్కాలట. కింద ఒక దండం బొమ్మ, "మామా, చదువు, నీకు పనికొస్తది" అని ఒక ముక్క. నాకు పనికొస్తుందట! వాడు పలక పట్టకముందే నేను పేజీలు కట్టినవాణ్ణి. సరే, కోపం దిగమింగుకుని చదివాను. అందులో ఒకచోట, "మీరు చేసిన మార్పు కనబడకపోతే బ్రౌజరు కాష్ ఖాళీ చేయండి" అని ఉంది. అంతే. పప్పులో ఉప్పు తగ్గితే వేసుకోండి అన్నంత తేలిక. ఆ ఒక్క వాక్యం ఆనాడు నాకు చెప్పే దిక్కులేక బోయిగూడలో ఒక ఉమ్మడి దుకాణం రెండు ముక్కలు కాబోయింది.

నేనప్పుడు సికింద్రాబాద్‌లో టైపు నేర్పే మాస్టర్ని. టైపు మిషన్ల కాలం చెల్లిపోతోందని అందరికంటే ముందు గ్రహించింది నేనేనని ఇప్పటికీ అనుకుంటాను (మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు). ముప్పై దాటినా వెబ్ పనిలో మాత్రం పాలపళ్ళు ఊడని వయసు నాది. గురువు లేడు. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, ఏ పేజీ బాగుందనిపిస్తే దాని సోర్సు తెరిచి, లోపలి రాత కాపీ చేసుకుని, అందులో ఒక్కో ముక్క పీకేసి ఏం కూలుతుందో చూసేవాణ్ణి. ఒక గీత తీస్తే పేజీ అంతా ఎడమకు ఒరిగేది, ఒక ముక్క మరిచిపోతే కింది అక్షరాలన్నీ లావెక్కిపోయేవి. ఎందుకలా అని రోజంతా బుర్ర గోక్కునేవాణ్ణి. ఆ గోక్కోవడంలో ఉన్న సుఖం ఇప్పటి పిల్లలకు లేదు. అడగగానే జవాబు వచ్చిపడుతుంది, అడిగిన ప్రశ్న ఏమిటో కూడా మరిచిపోతారు.

నాకు దొరికిన మొదటి పని బోయిగూడలోని ఒక సప్లయింగ్ కంపెనీది. పెళ్ళిళ్ళకు శామియానాలు, కుర్చీలు, వంట గంజులు, బగోనాలనే పెద్ద పెద్ద గిన్నెలు అద్దెకిచ్చే దుకాణం. తండ్రి పెట్టిన వ్యాపారాన్ని అన్నదమ్ములిద్దరు కలిసి నడిపేవారు. పేట మొత్తానికీ వాళ్ళు పెద్దసేటు, చిన్నసేటు. పెద్దసేటుకు నిమ్మకాయలు నిలబెట్టగల మీసం, దానికి తగ్గ కోపం. చిన్నసేటుకు నవ్వే మొహం, ఎవరినైనా 'అన్నా' అనే నోరు. కింద దుకాణం, పైన ఇల్లు. దుకాణంలో ఒక కంప్యూటరు ఉండేది. దానికి లేసు అల్లిన గుడ్డ కప్పి, నెత్తిన కుంకుమ బొట్టు పెట్టి ఉంచేవారు. దాన్ని ముట్టే అధికారం పెద్దసేటుది.

పేజీలో పైన యజమానుల ఫోటో పెట్టాలన్నారు. నేను కెమెరా మనిషిని తీసుకెళ్ళిన రోజు పెద్దసేటు ఏదో పెళ్ళికి కూరగాయలు మాట్లాడటానికి బోయిన్‌పల్లి మార్కెట్‌కు పోయాడు. దాంతో చిన్నసేటు ఒక్కడే గంజుల ముందు నిలబడి దిగాడు. నేను ఆ బొమ్మకు 'ఓనర్' అని పేరు పెట్టి పేజీ ఎక్కించాను. పెద్దసేటు దుకాణంలో గుడ్డ తీసి, ఫోను కలిపి, పేజీ తెరిచి, చాలాసేపు చూశాడు.

"మాస్టర్, మంచిగున్నది. శామియానా మంచిగున్నది, కుర్చీలు మంచిగున్నయ్, మా తమ్ముడు సుత మంచిగున్నడు. మరి నేనేడున్న?"

"ఆ రోజు నువ్వు మార్కెట్‌కు పోయినవ్ గదన్నా" అన్నాడు చిన్నసేటు. "అయితేంది, మళ్ళ దిగుదాం, ఇద్దరం దిగుదాం."

దిగారు. పెళ్ళికొడుకులు కూర్చునే ఎర్ర మఖ్మల్ రాజా కుర్చీలో పెద్దసేటు కూర్చున్నాడు, వెనక కుర్చీ మీద చెయ్యేసి చిన్నసేటు నిలబడ్డాడు. దేవుడి పటంలా వచ్చింది. ఇక్కడ నా టైపు బుద్ధి గురించి చెప్పాలి. టైపు మిషన్ మీద ఒక అక్షరం తప్పుపడితే కాగితం కాగితమే పోతుంది. అలాంటి ఉద్యోగంలో ఏళ్ళ తరబడి మగ్గినవాడికి, కంప్యూటర్లో పాతదాని మీదే కొత్తది ఎక్కించవచ్చని తెలిస్తే ఎంత సంబరం! నేనెప్పుడూ అదే పేరుతో, అదే చోట, పాతదాన్ని కొత్తదానితో కప్పేసేవాణ్ణి. ఈ బొమ్మకూ 'ఓనర్' అనే పేరే ఉంచి ఎక్కించాను. సెంటర్లోని వేరే కంప్యూటర్లో తెరిచి చూశాను. అన్నదమ్ములిద్దరూ కళకళలాడుతున్నారు. "అయింది సేటూ" అని ఫోన్ చేసి, గర్వంగా ఇరానీ చాయ్ తాగాను.

చాయ్ అరిగేలోపు కబురొచ్చింది. వెళితే పెద్దసేటు మొహం బగోనా అడుగులా ఉంది. పక్కన ఆయన బామ్మర్ది చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తెర మీద చిన్నసేటు, ఒక్కడే, నవ్వుతూ.

"అయిందంటివి గద. ఏమైంది? నేనేడ వోయిన?"

"బావా, గిది మామూలు ముచ్చట కాదు" అన్నాడు బామ్మర్ది. "నీకు ఫోన్‌ల ఒకటి చెప్తున్నరు, దునియాకు ఒకటి చూపిస్తున్నరు."

నేను సెంటర్‌కు పరుగెత్తాను. అక్కడ ఇద్దరూ ఉన్నారు! మళ్ళీ దుకాణానికి వచ్చాను. ఒక్కడే! ఈసారి చిన్నసేటు స్వయంగా సెంటర్‌కు వెళ్ళి చూసి వచ్చాడు. "అన్నా, నా కండ్లతోని చూసిన. నువ్వు రాజా కుర్చీల కూసున్నవ్, నేను నీ ఎనక నిలబడ్డ."

"ఎనక నిలబడి ఏం చేస్తున్నవో ఇప్పుడు సమజైతున్నది తమ్మీ."

"అదేం మాటన్నా! నువ్వే ఒకసారి సెంటర్‌కు రా, చూద్దువు."

"నా దుకాణంల నాకు కనబడాలె. నా మొఖం నేను ఊరంత తిరిగి ఎతుక్కోవాల్నా? సోమవారం పెద్దమనుషుల్ని పిలుస్త. గంజులు పంచుకుందాం. నీ ఫోటో నువ్వు పెట్టుకో, నా ఫోటో నేను పెట్టుకుంట."

అది ఉత్త బెదిరింపు అనుకున్నాను. కాదు. మర్నాడు గోదాములో గంజులు వరసగా బయటికొచ్చాయి, బామ్మర్ది వాటిని రెండు గుట్టలు చేయిస్తున్నాడు. ప్రతి గంజు అంచు మీదా వాళ్ళ నాయన పేరులోని మొదటి అక్షరం సుత్తితో కొట్టి ఉంది. చిన్నసేటు ఒక మూల, అన్నిటికంటే పెద్ద బగోనా దగ్గర నిలబడి దాని అంచును బొటనవేలితో తుడుస్తున్నాడు. ఆ నవ్వే మొహం నవ్వడం లేదు.

"మాస్టర్, మా నాయన మొదలు కొన్నది గిదే. దీన్ని ఎట్ల పంచుతరు?"

నన్ను మాత్రం ఇంకో ప్రశ్న పట్టుకుంది. ఒకే పేజీ రెండు చోట్ల రెండు రకాలుగా ఎలా కనబడుతుంది? చూసేవాడెవరో దానికి తెలుస్తుందా? (ఒక రాత్రంతా తెలుస్తుందనే నమ్మాను. బొట్టు ప్రభావమేమోనని కూడా అనుమానించాను. నవ్వకండి, చదువు చెప్పేవాడు లేనప్పుడు ప్రతి అనుమానానికీ ఒక కుర్చీ వేయాల్సిందే.) ఆదివారం పొద్దున్నే సెంటర్లో కూర్చుని పేజీ చివర ఒక కొత్త వాక్యం చేర్చాను, 'కుర్చీలకు కవర్లు కూడా లభించును' అని. నేరుగా దుకాణానికి వెళ్ళి, పెద్దసేటు కాళ్ళావేళ్ళా పడి పేజీ తెరిపించాను.

"గీ కవర్ల ముచ్చట కొత్తగున్నదేంది?" అన్నాడాయన.

అంటే రాత కొత్తది, బొమ్మ పాతది! ఒకే కంచంలో వేడి అన్నం, నిన్నటి పప్పు. మళ్ళీ తెరవమన్నాను. ఈసారి రాతను వదిలేసి బొమ్మనే చూశాను. ఆ రోజుల్లో ఫోటో అంటే పైనుంచి కిందికి, గీత తర్వాత గీత, పరదా దించినట్టు మెల్లగా దిగేది. ఒక మనిషి మొహం పూర్తయ్యేసరికి ఒక కప్పు చాయ్ అయ్యేది. ఈ బొమ్మ మాత్రం కన్నుమూసి తెరిచేలోగా తెర మీద పడింది. అంత దూరం నుంచి అంత తొందరగా ఎలా వచ్చింది? అసలు వస్తోందా? నేను వంగి ఫోను తీగ పీకేశాను.

"అరే, ఏం చేస్తున్నవయ్యా!"

"సేటూ, ఇంకొక్కసారి తెరవండి."

తీగ నా చేతిలో ఉంది. తెర మీద చిన్నసేటు నవ్వుతున్నాడు. ఆ బొమ్మ ఎక్కడినుంచీ రావడం లేదు, అది ఇక్కడే ఉంది. దానికి కాష్ అని పేరుందని తర్వాత తెలిసింది గానీ, విషయం మాత్రం ఆ క్షణంలో, చేతిలో తీగ పట్టుకుని, నాకు నేనే కనుక్కున్నాను.

"సేటూ, పెళ్ళివాళ్ళు ఒక బగోనా తీసుకపోయి ఇంట్లనే పెట్టుకున్నరనుకోండి. మళ్ళ బగోనా కావాలంటే మన దుకాణానికి వస్తరా?"

"వాపస్ ఇయ్యరా మరి?"

"ఈ మిషన్ ఇయ్యదు సేటూ. ఒకసారి తెచ్చుకున్న బొమ్మను దాచిపెట్టుకుంటది. అదే పేరు వినబడితే దాచిందే తీసి చూపిస్తది."

"గట్లెట్ల? అడ్వాన్స్ తీసుకోలేదా?"

"గిదంత కహానీ బావా" అన్నాడు బామ్మర్ది. అన్నాడుగానీ గొంతులో మునుపటి ధీమా లేదు.

చిన్నసేటును వెంటబెట్టుకుని సెంటర్‌కు పరుగెత్తాను. బొమ్మ పేరు 'ఓనర్లు' అని మార్చాను, పేజీలోనూ అదే పేరు రాశాను, తిరిగి పరుగెత్తుకొచ్చాను. కొత్త పేరైతే మిషన్ దాచుకున్న మూటలో ఉండదు, కొట్టుకు పోయి తెచ్చుకోక తప్పదు. అలా అని నా నమ్మకం. నమ్మకమే, రుజువు లేదు. మోడెం కీచుమంది, మూలిగింది, ఊరుకుంది. పేజీ వచ్చింది. బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ. తర్వాత ఒక గీత. ఇంకో గీత. నల్లగా జుట్టు. నుదురు. నవ్వే కళ్ళు.

చిన్నసేటు!

"మళ్ళ వీడే!" అని పెద్దసేటు కుర్చీలోంచి లేచాడు. ఫోటోలో ఆయన కూర్చున్నాడు, తమ్ముడు నిలబడ్డాడు. పైనుంచి దిగే బొమ్మలో నిలబడ్డవాడే ముందు వస్తాడు కదా! "జెర ఆగండి సేటూ, మీరు కిందున్నరు, వస్తరు" అంటూ బతిమాలుతున్నాను. చిన్నసేటు గడ్డం వచ్చింది, మెడ వచ్చింది, చొక్కా మొదటి గుండీ వచ్చింది. అక్కడ ఆగిపోయింది. ఎంతసేపు చూసినా గుండీ దగ్గరే ఉంది. పైన ఇంట్లో పెద్దసేటు భార్య, అదే లైను మీదున్న ఫోన్లో ఎవరితోనో మాట్లాడదామని, రిసీవరు ఎత్తారు, కింద లైను తెగిపోయింది.

అప్పుడు పెద్దసేటు బామ్మర్ది వైపు తిరిగాడు. "నువ్వు పైకి పోయి ఫోన్ కాడ కూసో. మీ అక్కను ముట్టనియ్యకు." ఆయనకూ తెలుసుకోవాలని పుట్టిందన్నమాట. బామ్మర్ది మెట్లెక్కాడు. మళ్ళీ కీచు, మళ్ళీ మూలుగు. జుట్టు, కళ్ళు, గడ్డం, గుండీ. గుండీ కింద ఎర్రగా ఒక గీత, రాజా కుర్చీ అంచు. ఆ అంచు కింద తెల్లగా, నున్నగా, గుండ్రంగా ఏదో పొద్దుపొడుపులా పైకి లేవడం మొదలైంది.

"అన్నా, నీ బట్టతల" అన్నాడు చిన్నసేటు, గుసగుసగా.

పెద్దసేటు తెర దగ్గరికి వంగాడు. నుదుటి మీద బొట్టు వచ్చింది, కనుబొమలు వచ్చాయి, కళ్ళు వచ్చాయి. ఆ కళ్ళను ఈ కళ్ళు రెప్పవేయకుండా చూస్తున్నాయి. ముక్కు వచ్చింది. ముక్కు కింద ఒక నల్ల గీత, దాని కింద మరొకటి, అలా అటు చెంప నుంచి ఇటు చెంప దాకా నిండుగా మీసం విచ్చుకుంది. ఆయన చెయ్యి తనంతట తానే తన మీసం మీదికి వెళ్ళింది. బొమ్మ మోకాళ్ళ దాకా దిగి పూర్తయింది.

"తమ్మీ" అన్నాడు చివరికి, తెర మీదినుంచి చూపు తిప్పకుండానే. "నువ్వెందుకు నిలబడ్డవ్‌రా? పక్కన కుర్చీ ఏసుకోకపోయినవ్."

"రాజా కుర్చీ ఇంకోటి ఏడున్నదన్నా? కిరాయికి పోయింది గద."

సాయంత్రానికి రెండు గుట్టలూ మళ్ళీ ఒకటయ్యాయి. సోమవారం పెద్దమనుషులు వచ్చారు, పిలుపు వాపసు తీసుకోవడం ఎవరికీ గుర్తు రాలేదు. భోజనం పెట్టి పంపారు. నేనాడు నేర్చుకున్నది చెబుతాను, చిట్కాల వ్యాసాలు రాసేవాళ్ళు రాసుకోవచ్చు. బొమ్మ మారిస్తే పేరు మార్చండి. మీ కంప్యూటర్లో చూసి మురిసిపోకండి, కోపంగా ఉన్నవాడి కంప్యూటర్లో చూసి అప్పుడు 'అయింది' అనండి.

పని అయిపోయిందనుకున్నాను. వారం తిరగకముందే పెద్దసేటు మళ్ళీ కబురుపెట్టాడు. వెళ్ళాను. దుకాణం నిండా చుట్టాలు. వాళ్ళకు చూపించడానికి ఆయన పేజీ తెరిచాడు. అన్నదమ్ములిద్దరూ టక్కున, ఒక్కసారిగా, తల నుంచి మోకాళ్ళ దాకా తెర మీద పడ్డారు. (పడరూ మరి? మిషన్ ఆ కొత్త బొమ్మను సైతం దాచేసుకుంది.) పెద్దసేటు నన్ను పక్కకు పిలిచి, ఎవరూ వినకుండా, చిన్నపిల్లవాడిలా అడిగాడు.

"ఏంది మాస్టర్, మళ్ళ ఖరాబైందా? ఆదివారం లెక్క మెల్లగ వస్తలేదు. మీసం కాడ మస్తుగుండె. జెర గట్ల చెయ్యవా?"

చేశాను. చుట్టాలు వచ్చినప్పుడల్లా సెంటర్‌కు పరుగెత్తి ఆ బొమ్మకు ఇంకో కొత్త పేరు పెట్టి వచ్చేవాణ్ణి. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఎందరికో పేజీలు కట్టాను, అందరూ తొందరగా రావాలనే అడిగారు. మెల్లగా రమ్మని అడిగినవాడు ఆయనొక్కడే. ఇప్పటికీ ఎప్పుడైనా సిగ్నల్ సరిగా లేనిచోట ఫోన్లో ఏదో ఫోటో సగం దిగి నిలిచిపోతే, పక్కవాళ్ళు విసుక్కుని వేలితో తెరను పొడుస్తారు. నేను పొడవను. చేతిలో పీకిన తీగతో, కళ్ళింత చేసుకుని, సోమవారం గురించి భయపడుతూ నిలబడ్డ ఆ టైపు మాస్టర్ నా పక్కనే ఉన్నట్టుంటాడు. ఇద్దరం కలిసి, కింద ఎవరున్నారో చూద్దామని, ఆగుతాం.