రింగులో శేషయ్య చేను

పరంజ్యోతికి కుట్టుపని నేర్పింది నంద్యాలలో ఆమె చదువుకున్న మిషన్ హాస్టల్లోని ఒక తెల్ల దొరసాని. రెండు గుండ్రటి చెక్క రింగుల మధ్య గుడ్డను డప్పు బిగించినట్టు బిగించి, దాని మీద పెన్సిలుతో బొమ్మ గీసి ఇచ్చేది. ఎన్నేళ్లు చూసినా అదే బొమ్మ. ఏటవాలు కప్పు ఇల్లు, పొగగొట్టం, చుట్టూ తెల్లగా పరుచుకున్న నేల. ఆ తెలుపు మంచు అని దొరసాని చెప్పింది. నంద్యాల పిల్లలకు మంచంటే తెల్లారి గడ్డి మీద ఉండే తడి. అది మోకాలి లోతు పడుతుందంటే ఎవరూ నమ్మలేదు. ఇది పగిలిన పత్తిచేను, దొరసానికి తెలుగు సరిగా రాక మంచు అంటోంది అని పిల్లలంతా తేల్చుకున్నారు. పత్తి పగిలాక ఏరేవాళ్లు ఉండాలి కదా అని పరంజ్యోతి ఆ తెల్లటి నేలలో ఒడి కట్టుకుని వంగిన ఆడవాళ్లను కుట్టింది. దొరసాని చూసి, మూతి బిగించి, కత్తెర తెచ్చి ఆ కూలీలందరినీ విప్పించింది. పరంజ్యోతి విప్పడమైతే విప్పింది గానీ, కూలోళ్లు లేకుండా అంత పత్తి ఎవరు ఏరతారో ఆయమ్మనే అడగమని పక్కపిల్లలతో చాలా రోజులు అంటూనే ఉంది.

వాళ్ల నాయన గురుస్వామి రుద్రవరం దగ్గర పల్లెలో చర్చి ఉపదేశి. కూతురికి చదువు వచ్చింది, కుట్టు వచ్చింది, ఇక మొగుడు వస్తే తన బరువు దిగుతుందనుకున్నాడు. సంబంధాలు తెచ్చాడు కూడా. వచ్చినవాళ్లలో ఒకాయన ఉప్మా తిని, బల్ల మీద ఆమె కుట్టి పరిచిన గుడ్డతో మూతి తుడుచుకున్నాడు. అక్కడితో ఆ సంబంధం అయిపోయింది. ఇంకొకాయన పెళ్లయ్యాక ఈ దారాల పని మానుకుంటావా అని మర్యాదగానే అడిగాడు. మీరు బీడీలు మానుకుంటారా అని ఈమె కూడా మర్యాదగానే అడిగింది. గురుస్వామి ఆ తర్వాత సంబంధాలు వెతకడం తగ్గించి ప్రార్థనలు పెంచాడు.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడాది ఆళ్లగడ్డలో ఆడవాళ్లకు కుట్టు నేర్పే కేంద్రం ఒకటి పెట్టారు. పరంజ్యోతికి అందులో పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. అద్దెకు తీసుకున్న గది వాకిలి తూర్పుకు ఉండేది. తలుపు తీస్తే దూరంగా నల్లమల కొండలు, వాటి ముందు నల్లరేగడి, మధ్యలో తుమ్మచెట్లు. పొగగొట్టాల ఇళ్లు కుట్టి కుట్టి విసిగిన ఆమె, మొదటి ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం కూడా వండుకోకుండా ఆ కొండలను కుట్టడానికి కూర్చుంది.

అన్నిటికంటే నేల దగ్గర కష్టమైంది. అంగట్లో దొరికే నల్లదారం మరీ నిగనిగలాడుతుంది. రేగడి అట్లా ఉండదు, ఎండకు బూడిద పట్టిన నలుపు. ఎన్ని దారాలు చూసినా కుదరలేదు. చివరికి ఇంటి యజమానురాలి పాత గొడుగు కనిపించింది. ఎండకు ఎండి వానకు నాని వెలిసిన ఆ గొడుగు గుడ్డలోంచి పోగులు లాగి కుట్టింది. నేల నేలలాగే వచ్చింది. గొడుగు మాత్రం జల్లెడలాగా తయారైంది, యజమానురాలు వారం రోజులు మాట్లాడలేదు.

కేంద్రానికి వచ్చే ఆడవాళ్లకు ఈ పని వింతగా తోచింది. వాళ్లకు కావలసింది జంట చిలకలు, తామరపువ్వు, వాకిలి మీద వేలాడదీసే స్వాగతం. గుట్టలు చూడాలంటే బయటికి వస్తే చాలు గదా, వాటిని మళ్లీ గుడ్డ మీద ఎందుకు కుట్టాలని అడిగారు. చిలకలు కూడా బయటే ఉండాయి గదా అని ఆమె అంది. అవును గదా అని నవ్వి, మళ్లీ చిలకలే కుట్టుకున్నారు.

ఈ గుట్టల సంగతి రుద్రవరం బాటలో కొత్త మిద్దె కట్టుకుంటున్న శేషయ్య ఇంటికి చేరింది. శేషయ్య తాతల కాలం నుంచి భూమి ఉన్న మనిషి. పొలం ఎక్కువ, మాట ఎక్కువ, ఎర్ర తలపాగా ఇంకా ఎక్కువ. నిద్రలో తప్ప దాన్ని తీసేవాడు కాదు. ఆయన భార్య రామలక్ష్మమ్మ మాత్రం తక్కువ మాట్లాడే మనిషి. మాఘమాసంలో గృహప్రవేశం పెట్టుకున్నారు. వచ్చిన చుట్టాలు కూర్చునే హాల్లో తమ చేను కుట్టించి తగిలించాలని రామలక్ష్మమ్మకు బుద్ధి పుట్టింది. పంతులమ్మను పిలిపించింది.

మిద్దె మీదికి లోపలి నుంచి మెట్లు ఉన్నాయి, బయటి నుంచి కూడా ఉన్నాయి. పరంజ్యోతికి బయటివి చూపించారు. ఆమెకు అది కొత్త కాదు. చర్చివాళ్లకు ఏ ఇంట్లో ఎంతవరకు దారి ఉంటుందో చిన్నప్పటి నుంచీ చూసిందే. మేస్త్రీ ఎవడో గానీ కులం కొలత కూడా వేసి కట్టినాడు అనుకుంటూ పైకెక్కింది.

పైన శేషయ్య చెయ్యి చాపి ఈ చివర నుంచి ఆ చివరకు తన భూమి చూపించాడు. పత్తి కుట్టాలి, జొన్న కుట్టాలి, బావి కుట్టాలి, బావి దగ్గర కొత్తగా పెట్టించిన ఆయిలింజను కుట్టాలి. అన్నీ విని ఆమె రింగు తీసి చూపించింది, పట్టేది ఇంతే అంది. శేషయ్య కాసేపు ఆ రింగును, కాసేపు తన పొలాన్ని చూసి, అన్నిటికంటే ముఖ్యమైంది అప్పుడే గుర్తొచ్చినవాడిలాగా తల ఊపాడు.

"నన్ను గూడా పెట్టు. చేను ఎవరిదో తెలియాల గదా."

ఇంత దూరం నుంచి మనిషి నువ్వుగింజంత పడతాడు, ముఖం తెలియదని ఆమె చెప్పింది.

"ముఖమెందుకు? తలపాగా సాలు. తలపాగా సూస్తే నేనని ఎవడికైనా తెలుస్తాది."

పరంజ్యోతి రోజూ పొద్దున్నే వచ్చి, బయటి మెట్లెక్కి, పిట్టగోడ నీడలో కూర్చుని కుట్టసాగింది. కొండలు కాడకుట్టుతో, జొన్న కంకులు ముడికుట్టుతో, పత్తి తెల్ల దారపు ముడులతో. ఈసారి పత్తి నిజంగా పత్తే, అందులో కూలీలూ ఉన్నారు, విప్పించేవాళ్లు ఎవరూ లేరు. బావి దగ్గర ఇంజను, దాని పక్కన దాన్ని తిట్టుకుంటూ తిప్పే పాలేరు. అన్నీ ఎక్కడివక్కడ కుదిరాయి. శేషయ్య ఒక్కడే కుదరలేదు.

ఎందుకంటే ఆయన చేనికి రాడు. తెల్లారుతూనే ఒక్కసారి ఇత్తడి చెంబు పట్టుకుని పత్తిచేను గట్టు వెంబడి నడుచుకుంటూ పోయి, సరిహద్దు రాయి దాటి, పక్కచేని నరసింహులు గట్టు మీది తుమ్మపొద వెనక కూర్చుంటాడు. నరసింహులుకూ ఆయనకూ ఎప్పటిదో గట్టు తగాదా. కోర్టుకు పోకుండా శేషయ్య రోజూ ఈ విధంగా తీర్పు చెప్పి వస్తున్నాడన్నమాట. పొద వెనక ఒళ్లు కనిపించదు. తలపాగా కనిపిస్తుంది, పక్కన చెంబు ఎండకు మెరుస్తుంది. తర్వాత ఇంటికి వచ్చి వాకిట్లో మంచం మీద కూర్చుంటే పొద్దు కుంకేదాకా చేనును కేకలతోనే సేద్యం చేస్తాడు.

పరంజ్యోతి ఎదురుచూసింది. పత్తి ఏరేరోజు వస్తాడేమో అనుకుంది, రాలేదు. జొన్న కోతకు వస్తాడనుకుంది, రాలేదు. బావి దగ్గర ఆయనను నిలబెట్టి కుట్టేస్తే పోయేది. అడిగేవాడు లేడు. సూది అక్కడిదాకా తీసుకుపోయింది కూడా. కానీ ఆయన ఎప్పుడూ నిలబడని చోట నిలబెట్టడానికి ఆమెకు చెయ్యి రాలేదు. పొగగొట్టాల ఇళ్లతో ఆ అబద్ధాలు చాలా కుట్టాను, ఇక చాలనుకుంది. ఎర్రదారం ఎక్కించి, తుమ్మపొద వెనక చిన్న ముడి వేసింది. పక్కన పసుపుదారంతో ఇంకా చిన్న ముడి. వేశాక రింగును దూరంగా పట్టుకుని చూసింది. నవ్వు వచ్చింది, ఆ వెంటనే భయమూ వచ్చింది. విప్పుదామని కత్తెర చేతికి తీసుకుని, ఆ ముడి అంత చక్కగా మళ్లీ పడదేమోనని పక్కన పెట్టేసింది.

పూర్తయిన రింగును రామలక్ష్మమ్మ చేతిలో పెట్టింది. ఆమె కిటికీ వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది. పైటకొంగుతో మూతి ఒకసారి తుడుచుకుంది. గృహప్రవేశం నాడు నువ్వూ రావాల పంతులమ్మా అని చెప్పి లోపలికి పోయింది.

ఆ రోజు ఊరంతా వచ్చింది. పరంజ్యోతిని బయట పందిట్లో తన కులంవాళ్లతో పాటు కూర్చోబెట్టారు. తన పని లోపల ఏ గోడకు ఉందో కూడా ఆమెకు తెలియదు. లోపల చుట్టాలు మెచ్చుకుంటున్న మాటలు వినబడుతున్నాయి. అదిగో బావి, అదిగో ఇంజను, ఆహా పత్తి చూడు అంటున్నారు. శేషయ్య గొంతు అందరికంటే పైన ఉంది, నన్ను కనుక్కోండి చూద్దాం అని పందెం వేస్తున్నాడు. అందరూ బావి దగ్గర వెతికారు, కళ్లంలో వెతికారు. కనుక్కున్నది శేషయ్య మేనత్త నరసమ్మ. దగ్గరిది కనబడకపోయినా దూరపుచూపు మాత్రం గద్దచూపు. ఆమె గోడకు దూరంగా జరిగి నిలబడి అన్న మాట పందిట్లోకి స్పష్టంగా వినిపించింది.

"అదో, మావోడు. తుమ్మసెట్టు ఎనకాల. సెంబు గూడా ఉండాది."

లోపల ఎవరో ఒక్కరు ముక్కుతో నవ్వారు. ఆపైన ఆపుకోవడం ఎవరి వల్లా కాలేదు. భోజనాలకు పిలవని నరసింహులు కూడా ప్రహరీ అవతల నుంచి సంగతేమిటని అడిగి తెలుసుకుని, తన గట్టు సంగతి ఇన్నాళ్లకు పదిమందిలో పడిందని సంతోషించాడు.

శేషయ్య బయటికి వచ్చాడు. పందిరి మొత్తం లేచి నిలబడింది. పరంజ్యోతి కూడా లేచింది.

"ఏం పంతులమ్మా, అది నేనేనా?"

"మీరే అయ్యా."

"అంత చేనుండాది. నన్ను పెట్టేదానికి నీకు ఆ సోటే దొరికిందా?"

క్షమించమందామనే పరంజ్యోతి అనుకుంది. నోటికి వచ్చింది వేరు.

"దినామూ మిద్దె మీద కూర్చోని సూస్తి అయ్యా. మీరు చేనికి వచ్చింది ఆ పనొక్కదానికే. ఇంకో పనికి వచ్చింటే అదే కుట్టేదాన్ని."

పందిట్లో కూలివాళ్లు తలలు వంచుకున్నారు. వంచిన తలల కింద భుజాలు కదులుతున్నాయి. శేషయ్య వెనక్కి తిరిగి, దాన్ని గోడ మీంచి పీకి పొయ్యిలో పెట్టమని కేక వేశాడు. గడపలో రామలక్ష్మమ్మ నిలబడి ఉంది. పెళ్లైన ఇన్నేళ్లలో మొగుడికి నలుగురిలో ఎదురు చెప్పి ఎరగని మనిషి.

"ఇంట్లో ఏ గోడకు ఏం తగిలించాల్నో నేను సూసుకుంటా. నువ్వు పోయి చేను సూసుకో."

అప్పుడు అర్థమైంది పరంజ్యోతికి. ఈమె ఆ రోజు కిటికీ దగ్గరే చూసింది. చూసే తగిలించింది.

రింగు గోడ మీదే ఉండిపోయింది. పరంజ్యోతి ఆళ్లగడ్డలో ఉండలేకపోయింది. పెద్దమనుషులను కించపరిచిందని పైకి ఫిర్యాదు పోయింది, నంద్యాల కేంద్రానికి మార్చారు. గురుస్వామి బస్సెక్కి వచ్చి, పెద్దోళ్లతో మనకెందుకమ్మా అని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా మందలించాడు. అన్నం తిన్నాక, అది సరేగానీ చెంబు ఎంత సైజు కుట్టినావు అని అడిగాడు. ఆవగింజంత అని ఆమె చెప్పింది. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కప్పుకున్న దుప్పటి చాలాసేపు వణికింది.

శేషయ్య నెల తిరక్కుండా దొడ్లో బేతంచర్ల బండలతో పాయిఖానా కట్టించాడు. ఆ చుట్టుపక్కల అదే మొదటిది. ఊళ్లలో పాయిఖానాలు కట్టుకోమని ఏళ్ల తరబడి మొత్తుకుంటున్న బ్లాకు ఆఫీసరు దాన్ని తన ఖాతాలో వేసుకుని, వచ్చిన ప్రతి పై అధికారికీ గుడి చూపించినట్టు చూపించాడు. కానీ శేషయ్య లెక్క వేయనిది ఒకటుంది. చీకటి పడేదాకా కడుపు బిగబట్టుకుని తిరిగే ఆడవాళ్లు ఆ ఇంట్లో చాలామంది ఉన్నారు. కట్టిన మర్నాటి నుంచే అది వాళ్లదైపోయింది. అత్తలు, కోడళ్లు, చూడవచ్చిన చుట్టాలు. ఎప్పుడు పోయినా లోపల గాజుల చప్పుడు. శేషయ్య దగ్గుతూ తలుపు బయట కాసేపు నిలబడి, ఇక లాభం లేదని మళ్లీ చెంబు తీసుకుని చేనికే నడిచాడు. తలపాగా మాత్రం ఇంట్లో పెట్టి పోయేవాడు. బట్టతల ఎండలో ఇంకా దూరానికి మెరిసేదని నరసింహులు కూలీలు చెప్పుకునేవాళ్లు.

ఈ పాయిఖానా కథంతా పరంజ్యోతికి చెప్పింది రామలక్ష్మమ్మే. ఏడాది తర్వాత కంటి డాక్టరుకు చూపించుకోవాలని నంద్యాల వచ్చి, డాక్టరు దగ్గరికి పోకుండా వెతుక్కుంటూ ఈమె ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మనాలా వద్దా అని పరంజ్యోతి తేల్చుకునేలోపే వచ్చి చాప మీద కూర్చుంది. టీ ఇస్తే తాగింది. ఎవరైనా చూస్తారేమోనని వాకిలి వైపు ఒకసారి చూసి మళ్లీ తాగింది. కాసేపటికి తనకూ కుట్టు నేర్పమని అడిగింది.

"ఈ వయసులో ఎందుకమ్మా?" అని పరంజ్యోతి అంటే, చూసినవన్నీ కడుపులోనే ఎన్నాళ్లు పెట్టుకోవాల అంది రామలక్ష్మమ్మ.

అట్లా నెలకొకసారి కళ్లు చూపించుకునే వంకతో ఆమె నంద్యాల రావడం అలవాటైంది. వేళ్లు మొరటు, సూది గుడ్డలో కంటే వేలిలో ఎక్కువ దిగేది. మొదట అందరిలాగే నల్లమల కొండ కుట్టింది. నెలలు పట్టింది. రింగు ఎత్తి చూపించి, ఎట్లుండాది నిజం చెప్పమంది. పరంజ్యోతి అటు తిప్పి ఇటు తిప్పి చూసి, కొండ మాదిరి లేదమ్మా, పండుకున్న బర్రె మాదిరి ఉండాది అని చెప్పింది.

రామలక్ష్మమ్మ నొచ్చుకోలేదు. కళ్లు చికిలించి తానూ చూసుకుంది, అవునే అంది. తర్వాత దారాల పెట్టె ముందుకు లాక్కుని, బూడిదరంగు లచ్చి వెతికి, కొమ్ములు కుట్టడం మొదలుపెట్టింది.