మేడిచెట్టుకు వేలాడిన గోనెమూట

జిల్లేడు పొదల మీద వాలే పచ్చ ఈగలను ఫోటో తీయాలని పోయిన నెల పుంగనూరు దగ్గర ఒక పల్లెలో బస్సు దిగాను. కుళ్ళిన మాంసానికి అందరికంటే ముందు చేరే ఈగలివి. ఎండ పడితే మాత్రం నెమలి మెడలా మెరుస్తాయి.

పొదల మీద నాలుగే ఉన్నాయి. మిగిలినవన్నీ పక్కనున్న మేడిచెట్టు కొమ్మకు వేలాడుతున్న గోనెమూటను కమ్ముకున్నాయి. మూట పసిబిడ్డంత ఉంది. అడుగున ఎర్రటి తడి. పుట్టిన ఆడపిల్లలను పారేసే మనుషుల మీద ఎన్నో వ్యాసాలు రాసినవాణ్ణి. కెమెరా సంచిలో పెట్టేశాను. పోలీసులకు ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. మూట విప్పబోయాను.

"దాన్ని ముట్టొద్దప్పా!" గడ్డిమోపుతో వస్తున్న ఒకామె అరిచింది.

"ఏముందమ్మా ఇందులో?"

"మా ఆవు పొద్దున ఈనింది, దూడెనకాల పడిన మాయ అది. పాలుకారే చెట్టుకు కడితే ఆవుకు పాలు దండిగా పడతాయి. నేలమీదేస్తే కుక్కలు ఈడ్సకపోతాయి."

చెట్టు పాలకూ ఆవు పాలకూ ఏం సంబంధమని ఇంకెప్పుడైనా వాదించేవాణ్ణే. "నిజంగా ఆవుదేనా?" అని మాత్రం మళ్ళీ అడిగాను.

"నమ్మకుంటే ఇంటికొచ్చి సూడు. పెయ్యదూడ! మా ఆయన ఊరంతా చెప్పుకుంటా తిరగతాండాడు. అవునూ, నీకు యాల అంత చెమటలు? మూటలో ఏముండాదనుకున్నావప్పా?"

"ఎండమ్మా" అని చెమట తుడుచుకుని, ఆడది పుట్టిందని సంబరపడుతున్న ఆ ఇంటికి ఆమె వెనకే నడిచాను.