గీత పక్కన మావయ్య

మా పెద్ద మావయ్య పోయారన్న కబురు రాజోలు వైపు నుంచి కొబ్బరికాయలు తెచ్చిన పడవవాళ్ళు చెప్పారు. నేను కొత్తపేటలో పంతులుగారి అరుగు మీద పద్యం వల్లిస్తున్నాను. "మీ మావయ్యగారు తెల్లారగట్ల పోయేరండీ. మిమ్మల్ని ఎక్కించుకు రమ్మన్నారు" అన్నాడు చుక్కాని పట్టే ఆయన. నా పద్యం పాదం మధ్యలోనే తెగిపోయింది. అలా తెగితే మావయ్య ఒప్పుకునేవారు కారు.

ఈ చుట్టుపక్కల చెడుగుడు ఆడినవాళ్ళకు ఆయన్ని గురించి చెప్పక్కర్లేదు. తక్కినవారి కోసం రాస్తున్నాను. వయసులో ఉన్నప్పుడు ఆయన గీత దాటి అవతలి జట్టు మీదికి కూతకు వెళితే, ఆ కూత ఏటి అవతలి పాకల్లోకి వినబడేదని మా అమ్మ అంటుంది. ఒక వేసవిలో ఏటి మధ్య లంక ఇసుకలో నలుగురూ మీదపడితే మోకాలు విరిగింది. అతుక్కుంది గాని మళ్ళీ వంగలేదు. ఆయన ఆట అయిపోయిందనుకున్నారంతా. మరుసటి వేసవికి కర్ర ఊతంతో వచ్చి, గీత పక్కన బోర్లించిన దోనె పడవ మీద కాలు చాపుకుని కూర్చుని, జట్టును నడపడం మొదలుపెట్టారు.

మనవాడు కూతకు వెళ్ళగానే ఆయన పెదవులూ కదిలేవి, చప్పుడు లేకుండా. వాడు తిరిగొచ్చేదాకా ఆయనా ఊపిరి తీసేవారు కారు. మేము ఆట చూడ్డం మానేసి ఆయన మొహం చూసేవాళ్ళం. "గెలిచి రానక్కర్లేదురా, తిరిగి రా చాలు" అని పంపేవారు. "ఊపిరి ఉన్నంతసేపూ అవతలి నేల కూడా మనదే" అని ఇంకో మాట. నాది పొట్టి ఊపిరి, ఆటకు పనికిరాను. అందుకని నాచేత సీసపద్యంలో ఒక్కో పాదం గుక్క తిప్పుకోకుండా చదివించి, చివర "తెగలేదు" అనేవారు. అంతకు మించి మెచ్చుకోలు ఎరగరు. కూత, గుక్క, తెగడం, నిలవడం వంటి చిన్న మాటలకు ఎంత బరువుందో నాకు ఆయన దగ్గరే తెలిసింది.

ఒకప్పుడు ఆత్రేయపురం జట్టు చేతిలో వరసగా ఓడిపోయాం. ఈసారీ ఓడితే జట్టును కాళ్ళు సరిగా ఉన్నవాడికి అప్పగించమన్నారు ఊరి పెద్దలు. సరిగ్గా ఆ ఏడే మావయ్య తన కన్నకొడుకుని, అంటే మా బావని, ఆటలోంచి తప్పించారు. బదులుగా కాలవ గట్టు మీద నడుస్తూ తాడుతో పడవలు లాగే మనిషిని తెచ్చారు.

"ఏవండీ, తాడు లాగేవోడు కనబడ్డాడు గాని కడుపున పుట్టినోడు కనబళ్ళేదా?" అంది అత్తయ్య, అన్నం వడ్డిస్తూ.

"కనబడ్డాడే. ఈడి కాళ్ళు నా కాళ్ళే. వెనకనించి పట్టుకుంటే మాత్రం తిరిగి చూస్తాడు."

"ఎవరైనా చూస్తారండీ!"

"ఆడు చూడ్డు. పడవలో వస్తా ఆడి వీపే చూసేను. ఎదురుగాలికి పడవ వెనక్కి గుంజుతుంటే మెడ కూడా తిప్పలేదు."

బావ విస్తరి ముందు నుంచి లేచిపోయాడు.

ఆ తాడు మనిషి ఇంకా హడలిపోయాడు. "నాకు ఆట రాదండీ. లాగడం ఒకటేనండీ తెలుసు."

"అయితే లాగు."

"ఆయ్" అన్నాడు, ఏమీ అర్థం కాక.

ఆత్రేయపురంతో ఆట సమంగా వచ్చి ఆఖరి కూత అతనికే పడింది. ఒకణ్ణి తాకి తిరిగాడు. గీతకు కాస్త అవతలే ముగ్గురు నడుం పట్టేశారు. అలా చిక్కినవాడు వెనక్కి తిరిగి పెనుగులాడతాడు, ఊపిరి అక్కడే అయిపోతుంది. ఇతను తిరగలేదు. బరువు పడవను లాగేవాడిలా ముందుకు వంగాడు. ఇసుకలో మడమలు దిగేసి, ఒక్కో అడుగే వేశాడు. కూత సన్నబడింది, తెగలేదు. ముగ్గుర్నీ ఈడ్చుకుంటూ వచ్చి గీత మీద చెయ్యేశాడు.

"పడవ రేవుకొచ్చేసిందిరోయ్!" అని ఎవరో కేక పెట్టారు. ఓడినవాళ్ళు కూడా నవ్వారు.

అప్పుడు చూస్తే మావయ్య దోనె మీద లేరు. ఊపిరాడక ఇసుకలో పడి రొప్పుతున్నారు. అందరికంటే ముందు పరుగెత్తి లేవనెత్తింది బావ.

"ఇంకాసేపైతే నువ్వే పోయేవోడివి నాన్నా!"

"నువ్వు... రేపణ్ణించి... తాడు పట్టు" అన్నారు మావయ్య, రొప్పుతూనే.

బావ ఆ వేసవంతా పడవలు లాగాడు. పై ఏడు జట్టులోకి వచ్చాడు. జట్టును వేరేవాళ్ళకి అప్పగించమని మావయ్యని చివరిదాకా ఎవరూ అడగలేదు.

పెద్దకర్మ అయ్యాక కుర్రాళ్ళు మళ్ళీ లంక ఇసుకలో గీత గీశారు. దోనె మీద కూర్చోవడానికి ఎవరికీ మనసొప్పలేదు. కడకు బావ వెళ్ళి ఓ అంచున కూర్చున్నాడు. ఒక కుర్రాడు కూతకు వెళ్ళాడు. అవతల చాలాసేపు తిరుగుతున్నాడు. నేను అలవాటు కొద్దీ దోనె వైపు చూశాను. బావ పెదవులు కదులుతున్నాయి. అతని ఛాతీ మాత్రం కదలడం లేదు.