దర్జీ పెట్టెకు టవరు దొరకలేదు

మా వీధి దర్జీకి కాలరు కుట్టడం కన్నా తీగలు కలపడం మీదే మనసెక్కువ. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో మిషను మీది గుడ్డ పక్కకు నెట్టి, సోల్డరింగు కడ్డీ వేడి పెట్టేవాడు. జనం వెక్కిరించినా అతనికి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. కానీ ఈసారి నెత్తినెత్తుకున్నది సరదా పని కాదు.

వెనక వీధిలో ఒంటరిగా ఉంటున్న అతని అక్క స్నానాలగదిలో జారిపడి, పాలు పోసే మనిషి వచ్చేదాకా అలాగే పడి ఉంది. ఇక తమతోనే ఉండమని తమ్ముడూ మరదలూ పట్టుబట్టారు. ఆమె ససేమిరా అంది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఆమె మంచం పక్కన మీట ఉన్న చిన్న పెట్టె ఒకటి దర్జీ చేసి పెడతాడు, ఆ మీట నొక్కితే అతని ఫోనుకు మెసేజి రావాలి. వానలు మొదలయ్యేలోగా అది పనిచేస్తే ఆమె తన ఇంట్లోనే ఉంటుంది, లేదంటే బట్టలు సర్దుకోవాలి.

పెట్టెలో మెసేజి పంపే పని ఒక చిన్న మాడ్యూలుది. ఫోనుకు లాగే దానికీ సిమ్ము కావాలి. చనిపోయిన బావగారి సిమ్ము అక్క రీచార్జి చేయిస్తూ బతికించుకుంటోంది కాబట్టి అదే వేశారు. టవరు దొరికితే మాడ్యూలు మీది దీపం నిదానంగా వెలిగి ఆరాలి. అది మాత్రం గబగబా కొట్టుకుంటూనే ఉంది.

దర్జీ యాంటెన్నా మార్చాడు. కరెంటు చాలడం లేదని విడిభాగాల కొట్టాయన అంటే అడాప్టరు మార్చాడు. కుట్టు తప్పిన చొక్కాలా అతుకులన్నీ విప్పి మళ్ళీ అతికాడు. విసుగెత్తి మాడ్యూలునే మార్చాడు. పెట్టె పట్టుకుని మేడెక్కి నాలుగు దిక్కులకూ చూపించాడు. దీపం తీరు మారలేదు.

సిమ్ము మీద అనుమానం వచ్చినప్పుడల్లా తీసి అక్క చేతికిచ్చేవాడు. బావగారి ఫోనును ఆమె ఎవరినీ ముట్టుకోనివ్వదు. లోపలికి తీసుకెళ్లి, తనే సిమ్ము వేసి, అక్కడి నుంచే తమ్ముడికి ఫోను చేసేది. ఫోను చక్కగా మోగేది. సిమ్ము బాగుంది, పెట్టె బాగుంది, టవరు బాగుంది. మరి బాగోనిదేమిటో దర్జీకి అంతుపట్టలేదు. ఆ పరధ్యానంలో ఒక చొక్కాకు రెండూ ఎడమ చేతులే కుట్టి, వాటిని విప్పుతూ కూడా దీపం గురించే ఆలోచించాడు.

ఒక సాయంత్రం మబ్బు పట్టింది. దర్జీ వెళ్లేసరికి అక్క సంచీలో చీరలు సర్దుకుంటోంది. ఏం చెయ్యాలో తోచక, ఆఖరిసారి సిమ్ము చూడమని ఇచ్చాడు. సంచీ వదిలి లేవడం బద్ధకమై, ఆమె ఎన్నడూ లేనిది ఫోను తమ్ముడి చేతే తెప్పించుకుని అతని ఎదుటే సిమ్ము వేసింది. తెర వెలిగింది. ఆమె బొటనవేలు చూడకుండానే నాలుగు అంకెలు నొక్కింది.

"అదేంటక్కా?"

"మీ బావ పెట్టిన తాళంరా. సిమ్ము వేస్తే అడుగుతుంది. నేను కొట్టేస్తాను."

దర్జీ నోరు వెళ్లబెట్టాడు. పెట్టెలోనూ ఆ సిమ్ము అదే అడుగుతోందని, అక్కడ జవాబు చెప్పేవాళ్ళు లేరని అక్కకు వివరించాడు. తాళం తీసెయ్యాలన్నాడు. ఆమె ఫోను ఒళ్ళో పెట్టుకుని కొంగుతో తెర తుడిచింది.

"ఆయన చేత్తో పెట్టింది" అంది. ఆ తరువాత, అతను చెప్పినట్టు నొక్కుతూ తనే తాళం తీసేసింది.

సిమ్ము పెట్టెలోకి చేరింది. దీపం కాసేపు తత్తరపడి, తరువాత నెమ్మదించింది. మీట నొక్కమని దర్జీ సైగ చేశాడు. ఆమె నొక్కింది. జేబులో ఫోను మోగింది. తీసి చూస్తే, అతనే ఎప్పుడో పెట్టెలోకి ఎక్కించిన మాటలు: "అక్క పడిపోయింది. పరుగెత్తు."

నొక్కింది అక్కే, నొక్కమన్నది తనే, ఆమె ఎదురుగా మంచం మీద కూర్చునే ఉంది. ఇవన్నీ తెలిసినా దర్జీ ఆ మాటలు మళ్ళీ చదివాడు. ఇన్నాళ్ళూ తీగలూ దీపమూ తప్ప ఈ మాట అతని కళ్ళకు ఆనలేదు. ముందుకు వంగి అక్క మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

మళ్ళీ ఒకసారి నొక్కి చూడనా అని ఆమె అడిగితే వద్దన్నాడు.

"పనిచేసింది కదరా. మరి ఏడుస్తావేం?"

దర్జీ ఆమె మణికట్టు వదలకుండానే, రెండో చేత్తో సంచీలోని చీరలు తీసి మంచం మీద పెట్టసాగాడు.